అత్తతో ఏథెన్స్‌కి

మా ఇంట్లో పాస్‌పోర్టు ఉన్నది ఇద్దరికే. ఒకటి నాది, ఇంకా ముద్ర పడని కొత్తది. రెండోది మా అత్త ఆదిశేషమ్మది. వయసులో ఉన్నప్పుడు ఆమె కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఆరేళ్లు పని చేసి వచ్చింది. మళ్లీ పోయే పని లేకపోయినా, రేషన్ కార్డులాగా అదీ ఒకటి ఇంట్లో పడి ఉండాలని, గడువు తీరినప్పుడల్లా కొత్తది చేయించుకునేది. అసలు ఉండాల్సింది మా ఆయన మోహన్‌కృష్ణకి. ఆయనకే లేదు.

దానికి కారణం ఎన్నికలు. పోయిన ఎన్నికల్లో పోలింగ్ నాడు మా ఊరి బూత్ ముందర రెండు పార్టీలవాళ్లు కుర్చీలతో కొట్టుకున్నారు. మా ఆయన ఎవరినీ కొట్టలేదు, ఎవరి చేతా కొట్టించుకోలేదు. ఎవరు గెలుస్తారో చూద్దామని దగ్గరికి పోయాడు, అంతే. కేసులో ఆయన పేరు కూడా రాశారు. పాస్‌పోర్టుకి పెట్టుకుంటే పోలీసు విచారణ దగ్గర ఆగిపోయింది. కోర్టు వాయిదా ఆగస్టులో. ఏథెన్స్ ఆస్పత్రివాళ్లు మమ్మల్ని రమ్మన్నది మే నెలలో. "ఊరికే చూద్దామని పోయినానే" అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఊరికే చూసేవాళ్ల మీదే కేసులు పడతాయని నేనూ ఇప్పటికీ అంటాను.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకి అక్కడే ఎరువుల అంగడి. పెళ్లయి పద్నాలుగేళ్లు. నెల్లూరులో చూపించుకోని డాక్టరు లేదు, వేసుకోని సూది లేదు. చివరికి ఒక డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఉన్నమాట చెప్పింది. నా అండాలతో కాదు, ఆయన కణాలతోనూ కాదు. వేరే దంపతులు తమ కోసం తయారు చేయించుకుని, పిల్లలు పుట్టాక మిగిలిపోయిన పిండాలు కొన్ని ఆస్పత్రుల్లో చల్లగా దాచి ఉంటాయట. కొన్ని దేశాల్లో వాటిని మాలాంటి వాళ్లకి ఇస్తారట. మన దేశంలో చట్టం ఒప్పుకోదు. "దత్తత లాంటిదేనమ్మా. కాకపోతే కడుపున మోసేది నువ్వే, కనేది నువ్వే" అంది.

మేమిద్దరం ఆ మాటని ఒక ఏడాదిపాటు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాం. ఒకరోజు ఆయన ఊ అంటే నేను ఊహూ అన్నాను, ఇంకోరోజు నేను ఊ అంటే ఆయన అంగడికి పోయాడు. తర్వాత ఇద్దరం ఒకే రోజు ఊ అన్నాం. ఏథెన్స్‌లో ఒక ఆస్పత్రి వాళ్లు మా దగ్గర రెండు పిండాలున్నాయి, ఆ తల్లిదండ్రులది మీ రంగే అన్నారు. పేర్లు చెప్పరు. మేమూ అడగలేదు.

ఒక్క విషయంలో మాత్రం మాకు మొదటినుంచీ ఒకటే మాట. మా అత్తకి తెలియకూడదు.

ఆమె చెడ్డది కాదు. కాకపోతే ఉదయగిరి కొండ కింద మా ఊళ్లో గొర్రెలు పెట్టుకుని ఉంటుంది, ఆ గొర్రెల వంశమంతా ఆమె నోటిమీద ఉంటుంది. గొర్రె ఈనీ ఈనకముందే "ఇది ఎర్రమూతిదాని మనవరాలు, దాని అవ్వకీ ఇట్టనే చెవి మీద మచ్చ" అంటుంది. గొర్రెకే ముత్తవ్వ దాకా లెక్క చెప్పే మనిషికి, నీ ఇంట్లో పుట్టబోయే బిడ్డ ఎవరి బిడ్డో మాకూ తెలియదని ఏ నోటితో చెప్పాలి? చెబితే బిడ్డని ఎత్తుకుంటుందా? ఎత్తుకున్నా, ఎత్తుకున్న ప్రతిసారీ ఆ మొహంలో ఎవరి పోలికో వెతుక్కోదా? నా భయమంతా అదే. బిడ్డ పుట్టకపోతే ఏడుస్తాను, సరే. పుట్టిన బిడ్డ సొంత నానమ్మ చంకలో పరాయిదైతే ఏం చేయాలి?

మరి తోడు ఎవరు వస్తారు అంటే, మా ఆయన ఉన్న సమాధానమే చెప్పాడు. "అమ్మకి పాస్‌పోర్టు ఉండాది గదా."

ఒక ఆదివారం ఇద్దరం బండి మీద ఊరికి పోయాం. ఆయన గొర్రెల దొడ్డి బయట ఆగి, గాలి ఉందో లేదో అని బండి టైరు నొక్కుతూ నిలబడ్డాడు. నన్ను లోపలికి పంపాడు. అత్త ఒక గొర్రెని ఒళ్లో పడేసుకుని గిట్టలు కోస్తూ ఉంది.

"అత్తా, వైద్యానికి విదేశం పోవాల. ఆయనకి పాస్‌పోర్టు రాలా. నువ్వు తోడు రావాల."

"యాడికి?"

"గ్రీసు దేశంలో ఏథెన్స్ అని."

"కువైట్‌కి ఇవతలా, అవతలా?"

"అవతల."

"అబ్బోడు రాకుండా వైద్యం ఎట్టామే?"

ఆ ప్రశ్నకి నేను ముందే జవాబు తయారు చేసుకుని పోయాను. "ఆయన రావాల్సిన పనేం లేదంటత్తా. సంతకం పంపిస్తే చాలంట. మిగతాదంతా ఆడ్నే ఉండాదంట." అంత సులువుగా నోరు తిరిగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అత్త గొర్రె కాలు పట్టుకునే ఉంది. నన్ను చూసింది. గుంజకి కట్టేసి ఉన్న పొట్టేలును చూసింది. బయట టైరు నొక్కుతున్న కొడుకును చూసింది.

"సంతకం చాలంటనా?"

"చాలంట."

"సరే" అని ఆ గిట్ట వదిలి రెండో గిట్ట పట్టుకుంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు. పక్కింటి కామమ్మ నాకు ఫోన్ చేసింది. "మీ అత్త అన్నం గూడా సరిగ్గా తినలా మే. ఎవురితో మాట్లాళ్లా. ఇమానం అంటే భయమేమో." విమానం భయం ఆమెకెందుకు ఉంటుంది, గొర్రెల్ని వదిలి పోవాలని బెంగ అనుకున్నాను. మూడో రోజు పొద్దున ఉదయగిరి బస్సు దిగి తానే ఆత్మకూరు వచ్చేసింది. చేతిలో కువైట్ నాటి సంచి, అందులో చింతకాయ తొక్కు, కందిపొడి, రెండు కోకలు. గుమ్మంలోనే అడిగింది, "టిక్కెట్టు ఎప్పటికి?"

ఈలోపు ఊళ్లో కామమ్మ తన పని తాను చేసింది. ఎరువుల అంగడి మూతపడిందనీ, అత్త దగ్గరుండి కోడల్ని కువైట్‌లో పనికి కుదర్చబోతోందనీ ఊరంతా చెప్పింది. మా ఆయన మండిపడ్డాడు. నేను ఊరుకోమన్నాను. అబద్ధం ఒకరు వండి పెడితే తినడానికి మనకేం నొప్పి?

స్కూలుకి సెలవులిచ్చాక బయలుదేరాం. మద్రాసు విమానాశ్రయంలో నేను పుస్తకం పోగొట్టుకున్న పిల్లలాగా నిలబడిపోయాను. ఎటు పోవాలో, ఏది తీసి ట్రేలో పెట్టాలో తెలియదు. మా అత్త చెప్పులు విడిచి, గాజులు సర్దుకుని, "నా ఎనక రా, ఎవురన్నా ఏమన్నా అడిగితే ట్రీట్‌మెంట్ అను" అని ముందు నడిచింది. పదో తరగతికి లెక్కలు చెప్పే నేను ఆమె కొంగు పట్టుకుని విమానం ఎక్కాను.

కువైట్‌లో విమానం మారాలి. అక్కడ నేల తుడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు రాయచోటి వాళ్లు. అత్త వాళ్లతో తెలుగూ అరబ్బీ కలిపి మాట్లాడి, మాకు వేడి వేడి టీ తెప్పించింది. తర్వాత పెద్ద అద్దం దగ్గర కూర్చుంది. బయట తెల్లటి ఎండ. చాలాసేపు అటే చూస్తూ ఉంది.

"ఇదిగో, ఇట్టాంటి అద్దం కాడ్నే ఆ పొద్దు..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"ఏందత్తా?"

"ఏం లా. బిస్కెట్టు తిను."

ఏథెన్స్‌లో ఆస్పత్రికి దగ్గరగా ఒక గది తీసుకున్నాం. మొదటి రోజు సాయంత్రం కిటికీ తెరిచి చూస్తే ఊరి మధ్యలో రాతి కొండ, దానిమీద కూలిపోయిన పాత కట్టడం, స్తంభాలు. దానికింద జనం, అంగళ్లు. మా అత్త కిటికీ పట్టుకుని నిలబడి నోరు తెరిచింది.

"ఓసినీ! ఇంత దూరం వస్తే ఈడా కొండమీద పడిపోయిన కోటేనా? ఇది చూసేదానికా వీళ్లంతా దుడ్లిచ్చి ఎక్కతా ఉండారు? మన ఉదయగిరి కోటకి మేకలు గూడా ఊరికే ఎక్కతాయి గదే."

ఆ కొండని చూశాక ఆమెకి ఆ ఊరు కొత్త పోయింది. అంగట్లో గొర్రెపాలతో చేసిన జున్నులాంటిది అమ్ముతారని తెలిశాక ఇంకా ధైర్యం వచ్చింది. "గొర్రెపాలు తినేవాళ్లు చెడ్డోళ్లు ఎట్టవతారు?" అంది. పొద్దునా సాయంత్రం, ఊళ్లో గొర్రెల్ని చూసుకుంటున్న కొడుకుతో వీడియో కాల్. అది నా గురించి కాదు.

"అమా, ఎర్రమూతిది కుంటతా ఉండాది."

"ఫోను దాని కాలి కాడ పెట్టరా. మొగం కాదు, కాలు! ఆ, గిట్టలో ముల్లుండాది, పీకి పసుపు పెట్టు. నీ చేతికి కాదురా, దానికి!"

నా సంగతి మాత్రం సాగలేదు. గర్భం లోపలి పొర ఇంకా పలచగా ఉంది, మాత్రలు పెంచుదాం, ఆగుదాం అన్నారు. స్కాన్‌కి పోవడం, ఆగుదాం అనిపించుకోవడం, తిరిగి రావడం. రోజూ అత్త "ఏమన్నారు?" అని అడిగేది. నేను సగం చెప్పి సగం మింగేదాన్ని. పొర మందం కావాలంట అని చెప్పేదాన్ని. దేనికోసం మందం కావాలో చెప్పేదాన్ని కాదు. ఆమె అన్నం కలిపి నా నోటి దగ్గర పెట్టి, "కావాలంటే అవతాది. తిను" అనేది. ఈమెకి అబద్ధం చెబుతూ ఈమె చేతి అన్నం తింటున్నాను కదా అని నామీద నాకే అసహ్యం పుట్టేది. చెప్పేద్దామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఈ పరాయి దేశంలో ఆమె మొహం ఎలా మారుతుందో ఊహించుకుని మళ్లీ మింగేశాను.

ఎట్టకేలకు పొర బాగుంది, రేపు పొద్దున రండి అన్నారు.

ఆ పొద్దున ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. డాక్టరు వచ్చి నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. రెండు పిండాలనూ బయటికి తీశారు. ఒకటి చలి వదిలించేటప్పుడు నిలవలేదు. రెండోది ఉంది. కాసేపట్లో పిలుస్తాం. ఆయన రెండోది ఉంది అన్న మాట నా చెవికి ఎక్కలేదు. పోయినదే ఎక్కింది. వచ్చి బల్లమీద కూలబడి ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏమైందే? ఏమన్నాడు?" అత్త నా గడ్డం పట్టుకుని అడుగుతోంది. నేను తల ఊపుతూ ఏడుస్తూనే ఉన్నాను.

అక్కడ ఎలేని అని ఒక నర్సు ఉండేది. లావుపాటి మనిషి, మంచి మనిషి, ఇంగ్లీషు అంతంత మాత్రం. అత్త కంగారు చూడలేకపోయింది. జేబులోంచి ఫోను తీసి, దానిలోకి వాళ్ల భాషలో గబగబా మాట్లాడి, ఆ ఫోను మా అత్త మొహం ముందు పెట్టింది. ఫోను రేడియో వార్తల గొంతుతో, పుస్తకం తెలుగులో, వరండా అంతా వినపడేట్టు చెప్పింది.

"దాత దంపతుల రెండు పిండాలలో ఒకటి జీవించలేదు. రెండవది చాలా బాగున్నది. దయచేసి విచారించకండి."

నా ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. పద్నాలుగేళ్ల నెల్లూరు తిరుగుళ్లలో ఎప్పుడూ అంత భయపడలేదు. ఎలేని మంచి పని చేశానని నవ్వుతూ నిలబడి ఉంది.

అత్త ఫోను వైపు చూసింది. ఎలేని వైపు చూసి రెండు వేళ్లు ఎత్తి, ఒకటి ముడిచి, మిగిలినదాన్ని ఊపి, బాగుందా అన్నట్టు తల ఎగరేసింది. ఎలేని గట్టిగా తల ఊపి ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది.

"రెండోది బాగుండాదంట గదా" అంది అత్త. "ఇంకేంది? మొగం తుడుచుకో. ఏడుపు మొగంతో లోపలికి పోబాక."

"అత్తా... దాత అంటే... నేను నీకు ముందే..."

"నాకు తెల్సులే."

"ఏం తెల్సు?"

"అబ్బోడి బిడ్డ కాదని తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"దొడ్లో నువ్వు చెప్పిన కాణ్ణుంచి. ఎన్నేండ్లుగా గొర్రెలు పెట్టుకోనుండా నేను? పొట్టేలు రాకుండా, వట్టి సంతకానికి చూడి కట్టే ఊరు యాడుందబ్బా అనుకున్నా. నువ్వేమో లెక్కల టీచరువి. ఆ మాత్రం లెక్క నాకు రాదనుకున్నావు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ ముక్కులోంచి వచ్చాయి. ఆమె కొంగు తీసి నా ముక్కు తుడిచింది. అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి ఆపింది.

"దంపతులు అనింది గదా ఆ ఫోను. అంటే నీది గూడా కాదా?"

"కాదత్తా. నాదీ పనికిరాదన్నారు."

"ఇద్దురుదీ కాదా!" అని చేతిలోని కొంగు వదిలేసింది. ఈ సంగతి ఆమెకి నిజంగా కొత్తది. "పోన్లే, మంచిదే అయింది. రేపు ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే పని లా మీకు" అంది.

"నీకు కోపం లేదా అత్తా?"

"ఎందుకు లా? కడుపు మండింది. రెండు రోజులు ముద్ద దిగలా. మీ మామ పేరు ఎవురికి పెట్టుకోవాల్రా దేవుడా అని ఆ పొట్టేలుకి చెప్పుకోని ఏడ్చినా. మీరిద్దురూ నాకు చెప్పలేదని ఇంకా మండింది." ఆమె వరండా చివర అద్దంలోంచి పడుతున్న ఎండ వైపు చూసింది. "మూడో రోజు కువైట్ సంచి దులపతా ఉంటే నూరా మతికొచ్చింది."

నూరా పేరు నేను వినడం అదే మొదటిసారి.

"నేను పోయిన నెలకే ఆ ఇంట్లో పుట్టింది. వాళ్లమ్మ కనింది, నా చేతికిచ్చింది. పాలు పట్టడం, పండబెట్టడం, నడక నేర్పడం అంతా నేనే. నాతో తెలుగే మాట్లాడేది. ఆరేండ్లు. నేను వచ్చేసే పొద్దు ఇమానాల కాడ అద్దం దగ్గర నా చెయ్యి వదల్లా. వేలు వేలు పీకి తీసుకుపోయినారు. ఈడికొచ్చినా. అబ్బోడికి పదకొండేండ్లు. ఐదేండ్లోణ్ణి వాళ్లవ్వ కాడ వదిలిపోయినా గదా. బస్సు దిగి చేతులు చాపితే వాళ్లవ్వ ఎనక దాక్కోని, 'ఎవురో వచ్చినారవ్వా' అన్నాడు."

ఆమె గొంతు ఏమీ మారలేదు. గిట్ట కోస్తూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"కన్నోడు ఎవురో అన్నాడు. కననిది చెయ్యి వదల్లా. వాడు నన్ను అమా అనేదానికి రెండేండ్లు పట్టింది, తెల్సా? పక్కన పండుకోబెట్టుకోని, అన్నం తినిపించి, కొట్టి, తిట్టి అనిపించుకున్నా. ఇంక రక్తం రక్తం అని నాకు ఎవురూ చెప్పబాకండి. అందుకే టిక్కెట్టు ఎప్పటికని వచ్చినా."

నేను ఆమె ఒళ్లో తల పెట్టేశాను. ఎన్ని నెలలుగా మోస్తున్న బరువో, ఆ బల్ల మీద దిగిపోయింది. ఆ తర్వాత లోపల ఏం జరిగినా తట్టుకోగలను అనిపించింది. అంతకుముందు అలా అనిపించలేదు.

ఎలేని తలుపు తీసి పిలిచింది. తోడు ఒకరు రావచ్చంటే అత్త కూడా టోపీ, గౌను వేసుకుని వచ్చి నా తల దగ్గర నిలబడింది. తెరమీద నల్లటి మసకలో తెల్లటి చుక్క ఒకటి కదిలి వచ్చి ఆగింది.

"ఆ చుక్కేనా?"

"అదేనత్తా."

ఆమె తెర వైపు వంగింది. మేతనుంచి వచ్చిన గొర్రెపిల్లల్ని దొడ్లోకి పిలవడానికి నాలుకని అంగిలికి కొట్టి ఒక చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు చేసింది. మూడుసార్లు. డాక్టరు తల ఎత్తి నావైపు చూశాడు. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో నాకు తెలియలేదు. ప్రార్థన అని చెప్పాను.

మద్రాసులో మా ఆయన కారు తీసుకుని వచ్చాడు. అత్తకి తెలిసిపోయిందని నేను ఫోన్లో ఆయనకి చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. అదే తప్పయింది. ఆయన పాపం దారంతా ఆలోచించుకుని ఒక కట్టుకథ తయారు చేసుకుని వచ్చాడు. నాయుడుపేట దాటాక, అద్దంలో తల్లిని చూస్తూ మొదలుపెట్టాడు.

"అమా, డాక్టర్లు నాకు ఫోన్ చేసినారు. నాది గూడా కలిపినారంట."

"ఏంది కలిపింది? సంతకమా?"

కారు ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. ఆయన నావైపు చూశాడు. నేను తల ఊపాను.

"నీకు... తెల్సామా?"

"తెల్సు. రోడ్డు చూడు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమా, నావల్ల కాలేదమా" అన్నాడు. నలభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషి, అంగట్లో రైతులందరినీ అదిలించే మనిషి, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు. నాతో కూడా ఆ మాట ఎప్పుడూ అలా అనలేదు.

"బండి పక్కన ఆపి ఏడువురా. రోడ్డు మధ్యలో కాదు" అంది అత్త. ఆయన పక్కన ఆపాడు. ఆమె దిగి ముందు తలుపు తీసి, సీట్లో ఉన్న కొడుకు తలని తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. నేను వెనక సీట్లో కదలకుండా కూర్చున్నాను. కదలొద్దని డాక్టరేమీ చెప్పలేదు, నాకే కదలాలనిపించలేదు.

స్కూళ్లు తెరిచారు. రక్తపరీక్ష రోజు పొద్దున్నే ఆత్మకూరులో లాబ్‌లో రక్తమిచ్చి నేను బడికి పోయాను. అత్త మాత్రం లాబ్ బయట కుర్చీలోనే కూర్చుంది. "మీరు ఇంటికి పోండవ్వా, ఫోన్ చేస్తాం" అని వాళ్లు చెబితే, "నాకు ఇంట్లో పని లా" అందట. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద సమీకరణం సగం వేశాను. ఫోన్ మోగింది. క్లాసులో ఫోన్ ఎత్తకూడదని రూలు పెట్టింది నేనే. ఎత్తాను.

"కట్టిందే" అంది అత్త. ఆ ఒక్క మాటే.

సుద్దముక్క చేతిలోనే ఉంది. నాకు సంతోషం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఊరట. నెత్తిమీద మూట దించి మెడ అటూ ఇటూ తిప్పుకున్నట్టు ఉండింది. పిల్లలు "టీచర్, ఎక్స్ ఎంత?" అని అరుస్తున్నారు. "ఎంతైనా పర్లేదు, ఇవాళ మీరే కనుక్కోండి" అని కుర్చీలో కూర్చున్నాను.

ఆ వారమే అనుమసముద్రంపేట దర్గాకి తీసుకుపొమ్మంది. బయలుదేరే ముందు ఎప్పుడో మొక్కుకుందట, మాకు చెప్పకుండా. చక్కెర పంచింది. ఏమని మొక్కుకున్నావత్తా అంటే, "బిడ్డ పుట్టాలని నువ్వు మొక్కుకునే ఉంటావు గదా. నా మనసు చెడకుండా ఉండాలని నేను మొక్కుకున్నా" అంది.

ఫిబ్రవరిలో నెల్లూరులో పాప పుట్టింది. మామ ఆదెయ్య పేరు కలిసొచ్చేట్టు ఆద్య అని పెట్టింది అత్తే. ఆడపిల్లకి ఆయన పేరు ఎట్టా అని మా ఆయన అంటే, "ఆయనేమన్నా వచ్చి గొడవ చేస్తాడా?" అంది.

మూడో నెలలో పాపని ఊరికి తీసుకుపోయాం. ఇంటినిండా ఆడవాళ్లు. కువైట్ ఉద్యోగం ఏమైందని ఎవరూ అడగలేదు, బిడ్డ ముందు అది పాత సంగతి. నేను మాత్రం ఒక ప్రశ్న కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. మన ఊళ్లలో అది అడగకుండా బిడ్డని చూసి పోయే ఆడది ఇంకా పుట్టలేదు. కామమ్మే అడిగింది. పాపని ఒళ్లో పెట్టుకుని, గడ్డం పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురి పోలికే ఇది? అబ్బోడిదీ కాదు, నీదీ కాదు" అంది.

మా ఆయన ఫోను రాకుండానే ఫోను చెవి దగ్గర పెట్టుకుని బయటికి పోయాడు. నేను పాప చొక్కా గుండీలు సర్దుతూ తల దించుకున్నాను.

"కండ్లు కనపళ్లేదా నీకు?" అంది అత్త, చేటలో బియ్యం చెరుగుతూనే. "నా పోలిక."

కామమ్మ పాపని ఎత్తుకుని వాకిట్లో వెలుతురులోకి పోయింది. పాప మొహం చూసి, అత్త మొహం చూసి, మళ్లీ పాప మొహం చూసింది.

"అవునక్కా!" అని అరిచింది కామమ్మ. "ఈ మూతి, ఈ గడ్డం, ఈ మిర్రిచూపు, అచ్చం నువ్వే! నాకు ముందు తట్టలా."

"చెప్తా ఉండాగా" అంది అత్త. చేట పక్కన పెట్టి, నాలుకని అంగిలికి కొట్టి ఆ చప్పుడు చేసింది. కామమ్మ చేతుల్లోంచి పాప తల ఇటు తిప్పి, ఆమెని వెతుక్కుంది.